గాదెలను గింజ ఆకారంలో తొలిచారు!

దుగ్గిరాల: వరి కోసిన మాగాణిలో దున్నకుండానే మొక్కజొన్న గింజ నాటడం దుగ్గిరాల, తెనాలి, కొల్లిపర ప్రాంతాల రైతులకు కొత్త సంగతేమీ కాదు. ఆ గింజను వేళ్ళ మధ్య పట్టుకుని చూడని రైతు లేడు. కాని గింజ లోపలికి వెళ్ళి నిలబడి, తల పైకెత్తి చూస్తే ఎలా వుంటుంది? దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో జనం సరిగ్గా ఆ పనే చేస్తున్నారు. ఒక్క మొక్కజొన్న గింజ ఆకారాన్ని 27 మీటర్ల ఎత్తుకు, అంటే సుమారు 90 అడుగులకు పెంచి, అంత తొర్రను కాంక్రీటు గాదెల మధ్య తొలిచారక్కడ.

ఈ గాదెలు ఎక్కడివంటారా? కేప్‌టౌన్ ఓడరేవులో 1920వ దశకంలో కట్టినవి. లోపలి జిల్లాల నుంచి రైళ్ళలో వచ్చిన ధాన్యాన్ని నిలవ చేసి, ఓడలకెక్కించడానికి వాడారు. మన పెద్దలు ఎండుగడ్డి వెంటితో చుట్టిన పురి గుర్తుందా? అలాంటి గుండ్రని పురులే, కాకపోతే కాంక్రీటువి. ఒకదాన్నొకటి ఆనుకుని 42 నిలబడి వున్నాయి. భవనం ఎత్తు 57 మీటర్లు. ఓడ సరుకంతా పెద్ద ఇనుప పెట్టెల్లో వెళ్ళే కాలం వచ్చాక గాదెలకు పనిపోయింది. 2001 నుంచి ఖాళీగా వున్నాయి.

వాటిని చిత్రకళా ప్రదర్శనశాలగా మార్చాలని తలపెట్టినప్పుడు వచ్చింది అసలు చిక్కు. ప్రదర్శనశాలకు విశాలమైన హాలు కావాలి. గాదెల్లో వున్నవన్నీ బావుల్లాంటి గొట్టాలు. అడ్డంగా విశాలంగా నడిచే చోటు లేదు. కూల్చి కొత్తది కట్టడం తేలిక. కాని ఊరి చరిత్రలో సగం ఆ గాదెలతోనే పోతుంది. లండన్‌కు చెందిన థామస్ హీథర్‌విక్ బృందం మూడో దారి పట్టింది. గాదెలు గాదెలుగానే వుంటాయి, వాటి మధ్య నుంచి ఒక ఆకారాన్ని తవ్వి తీస్తామన్నారు. ఏ ఆకారం? ఆ గాదెల్లోనే దొరికిన మొక్కజొన్న గింజది! దాన్ని కంప్యూటర్‌తో నఖశిఖ పర్యంతం కొలిచి, పెద్దది చేసి, గొట్టాల నమూనాలో ఇమిడ్చారు. గింజ ఎక్కడ ఏ గొట్టాన్ని తాకుతుందో అంతమేర కోసెయ్యాలని లెక్క తేల్చారు. 2017 సెప్టెంబరు 22న ఆ భవనం జైట్స్ సమకాలీన ఆఫ్రికా కళా ప్రదర్శనశాల పేరుతో ప్రజలకు తెరుచుకుంది.

ఇంతవరకూ వింటే కంప్యూటరే అంతా చేసిందనిపిస్తుంది. చివరకు పని వచ్చి పడింది మేస్త్రీల చేతుల్లోనే. కంప్యూటర్ గింజ ఉపరితలాన్ని వేలాది బిందువులుగా విడగొట్టి, ఒక్కొక్క బిందువు ఏ గొట్టంలో, ఎంత ఎత్తున, ఎంత పక్కకు వుండాలో లెక్క ఇచ్చింది. ఆ లెక్క ప్రకారం గొట్టాల్లో మేకులు కొట్టి గుర్తులు పెట్టారు. తర్వాత రంపాలతో కాంక్రీటు కోశారు. కోసిన అంచులను అద్దంలా నునుపు తేల్చారు.

వెయ్యి పెట్టెల లెక్క

ఈ విద్యను ఇంట్లో కూర్చుని అర్థం చేసుకోవచ్చు. ఒక అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు వుండే పెట్టెలు వెయ్యి వున్నాయనుకోండి. పొడవునా పది, వెడల్పునా పది, ఎత్తునా పది చొప్పున పేర్చితే పది అడుగుల దిమ్మ అవుతుంది. ఇదే గళ్ళ చట్రం. చదును కాగితం మీది గళ్ళకు ఎత్తు కూడా వచ్చినట్లన్న మాట.

ఇప్పుడు దిమ్మ నట్టనడుమ ఒక మేకు వుందని, దానికి నాలుగడుగుల తాడు కట్టారని ఊహించండి. ఏ పెట్టె నడిమి భాగానికి ఆ తాడు అందుతుందో ఆ పెట్టెను తీసెయ్యాలి. అందనిది వుండాలి. పై పొరా, అడుగు పొరా అందవు. మిగతా ఎనిమిది పొరల్లో పైనుంచి కిందికి తీయవలసినవి వరుసగా 12, 32, 44, 52, మళ్ళీ 52, 44, 32, 12. కూడితే 280. మిగిలేవి 720. లోపల గోళాకారపు తొర్ర ఏర్పడుతుంది. నాలుగడుగుల వ్యాసార్ధం గల నిజమైన గోళానికి పరిమాణం సుమారు 268 ఘనపుటడుగులు గదా, మనకు 280 ఎందుకొచ్చిందని లెక్కలు వచ్చిన పిల్లలు అడగవచ్చు. పెట్టెను సగంలో కొయ్యకుండా నిండుగా తీయడమో వుంచడమో చేస్తున్నాం గనుక ఆ తేడా. అందుకే తొర్ర గోడలు మెట్లు మెట్లుగా వుంటాయి. అర అడుగు పెట్టెలు వాడితే మొత్తం 8 వేలవుతాయి, మెట్లు చిన్నవవుతాయి. ఇంకా చిన్నవి చేస్తే కంటికి వంపులాగే కనిపిస్తుంది.

తాడు పొడవు మూడడుగులకు తగ్గిస్తే? తీయవలసినవి 136కు పడిపోతాయి. రెండడుగులైతే 32 మాత్రమే. చేత్తో లెక్క వేస్తే ప్రతిసారీ ఒక పూట పడుతుంది. కంప్యూటర్‌లో అయితే తాడు పొడవు ఒక అంకె మాత్రమే. ఆ అంకె మార్చగానే తొర్ర మొత్తం దానంతటదే మారుతుంది. గోళం బదులు గుడ్డు ఆకారం, గింజ ఆకారం, మెలిక తిరిగిన గొట్టం, ఏది ఇచ్చినా ఇంతే. ఇలా కొలతల మీద ఆధారపడి ఆకారం మారే పద్ధతినే పారామెట్రిక్ డిజైన్ అంటున్నారు. రైనో అనే సాఫ్ట్‌వేర్, దానికి జోడుగా 2007లో మొదలైన గ్రాస్‌హాపర్ అనే పనిముట్టు ఈ రంగంలో బాగా వాడుకలో వున్నాయి. గ్రాస్‌హాపర్ అంటే మిడత. ఆ పేరెందుకు పెట్టారో గాని, పని మాత్రం కరెంటు పనివాడి వైరింగులా వుంటుంది. ఒక పెట్టె నుంచి మరో పెట్టెకు తీగలు కలుపుతూ పోవాలి. ఈ తీగలో గళ్ళ సంఖ్య, ఆ తీగలో తాడు పొడవు, చివరి పెట్టెలో తీసివేత. పెట్టెను నిండుగా తీయకుండా వంపు వెంబడి కోసెయ్యమన్నా కోస్తుంది.

ఇక్కడే ఒక మోసం వుంది. పై పొరను చూడండి. దాని కింది పొరలో 12 పెట్టెలు తీసేశాం. అంటే పై పొరలో 12 పెట్టెల కింద ఏమీ లేదు. కంప్యూటర్ తెర మీద అవి హాయిగా గాల్లో నిలబడతాయి. నిజంగా పేర్చితే మన నెత్తిన పడతాయి. ఆకారం గీసే సాఫ్ట్‌వేర్‌కు బరువు సంగతి తెలియదు. బరువును లెక్క కట్టేది వేరే ఇంజనీరు, వేరే లెక్క.

కేప్‌టౌన్‌లోనూ ఇదే అడ్డొచ్చింది. పాత గొట్టాల గోడ మందం 170 మిల్లీమీటర్లే. ఏడంగుళాలు కూడా లేదు. నిండు గొట్టంగా వున్నంతకాలం ఆ గుండ్రదనమే దానికి బలం. పక్క నుంచి ముక్క కోస్తే బలం పోతుంది. అందుకని ముందుగా ఒక్కొక్క గొట్టం లోపల కొత్త కాంక్రీటు గొట్టాన్ని పోత పోశారు. అది గట్టిపడిన తర్వాతే రంపం పట్టారు.

మన ఊళ్ళలో పాత డాబాలు, పెంకుటిళ్ళు బాగు చేయించేవారు ఈ వరుసను గుర్తుంచుకుంటే చాలు. ముందు గదీ, వెనక గదీ కలిపి హాలు చెయ్యాలని నడిమి గోడ పడగొట్టిస్తారు. స్తంభాలు లేని పాత ఇంట్లో సాధారణంగా ఆ గోడే కప్పును మోస్తూ వుంటుంది. ముందు సరుగుడు బాదులతో పోటు పెట్టి, దూలం ఎక్కించి, దూలం రెండు చివరలూ దేని మీద ఆనుతున్నాయో చూసుకుని, అప్పుడు గోడ తియ్యాలి. ఇల్లు బాగుంటుందని ముందు గోడ తీసి, పగుళ్ళు వచ్చాక ఇంజనీరు కోసం పరుగెత్తడం వెనకా ముందూ చేసిన పని.

ఉలితో తీసివేత

కట్టడమంటే కలుపుకుంటూ పోవడమని మనకు అలవాటు. తీసేస్తూ పోయి కట్టిన పనికి జిల్లాలోనే పెద్ద సాక్ష్యం వుంది. దుగ్గిరాల నుంచి మంగళగిరి మీదుగా ఉండవల్లి వెళ్ళి రావడం ఒక పూట పని. అక్కడి గుహాలయం నాలుగంతస్తులది. క్రీస్తుశకం 4, 5 శతాబ్దాల నాటిదని, విష్ణుకుండినుల కాలంతో సంబంధం వుందని చరిత్రకారులు చెబుతారు. వరుసలు వరుసలుగా స్తంభాలుంటాయి. అవి ఎవరో తెచ్చి నిలబెట్టినవి కావు. చుట్టూ రాయి తీసేస్తే మిగిలినవి. లోపల పడుకున్న అనంతశయన విష్ణుమూర్తి కూడా అలా మిగిలిన రాయే. ఎక్కడ స్తంభం వదలాలో శిల్పికి ముందే తెలియాలి. వదలవలసిన చోట ఉలి పడితే తిరిగి అతికించే వీలు లేదు. కంప్యూటర్‌లో ఒక మీట నొక్కితే తప్పు వెనక్కి పోతుంది. కొండ దగ్గర అలాంటి మీట లేదు.

ఉండవల్లి పని ఎక్కువగా నిలువు, అడ్డం గీతల పని. వంపు తిరిగిన తొర్ర చూడాలంటే ఏలూరు జిల్లాలోని గుంటుపల్లికి వెళ్ళాలి. కామవరపుకోట దగ్గర, జీలకర్రగూడెం కొండ మీద బౌద్ధులు తొలిపించిన గుండ్రని చైత్యం వుంది. క్రీస్తుపూర్వపు పని అది. లోపలికి వెళితే తల మీద రాతి గుమ్మటం. నడుమ రాతిలోనే వదిలిన స్తూపం. అన్నిటికన్నా వింత కప్పులో వుంది. రాతి గుమ్మటానికి వాసాలు చెక్కారు! రాయికి వాసంతో పనిలేదు, అది మోసేదీ లేదు. కర్రతో కట్టిన గుండ్రని ఇంటి కప్పును చూసి రాతిలో దించారన్న మాట. సముద్రతీరపు చుట్టిల్లు లోపల కూర్చుని పైకి చూసినవారికి ఆ వాసాల వరుస కొత్తగా అనిపించదు.

కేప్‌టౌన్‌లో గింజ చూసి కాంక్రీటులో దించారు. గుంటుపల్లిలో ఇల్లు చూసి రాతిలో దించారు. మేకులు కొట్టి గుర్తు పెట్టుకోవడానికి కేప్‌టౌన్ వారికి కంప్యూటర్ లెక్క వుంది. గుంటుపల్లి వారికి ఏముందో గాని, గుమ్మటం వంపు మాత్రం తప్పలేదు.

పొరుగున లేస్తున్న చట్రం

ఈ కబుర్లన్నీ దుగ్గిరాల మండలానికి ఎందుకంటే, ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీద పుట్టే భవనాలు మన పొరుగునే లేస్తున్నాయి. అమరావతిలో శాసనసభ, హైకోర్టు, సచివాలయాల నమూనాలు ఇచ్చినది లండన్‌కు చెందిన ఫోస్టర్ సంస్థ. సచివాలయ గోపురాల పునాదులకు 2018, 2019లలో కాంక్రీటు పోశారు. 2019లో పనులు ఆగాయి. ఆ పునాదుల్లో ఏళ్ళ తరబడి నీళ్ళు నిలిచి చెరువుల్లా మారడం ఆ దారిన పోయినవారంతా చూశారు. నీళ్ళు తోడించి, 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా రాజధాని పనులు తిరిగి ప్రారంభించారు.

ఆ గోపురాలకు డయాగ్రిడ్ అనే పద్ధతి ఎంచుకున్నారు. మంచానికి నవారు అల్లినట్లు ఏటవాలు ఉక్కు కడ్డీలు భవనం చుట్టూ పెనవేసుకుంటాయి. బరువులో చాలా భాగం ఆ అల్లిక మోస్తుంది గనుక లోపల స్తంభాలు తగ్గుతాయి, చోటు విశాలమవుతుంది. ఇదే సంస్థ లండన్‌లో 2004 నాటికి ఇలాంటి అల్లికతో 180 మీటర్ల ఎత్తు భవనం కట్టింది. దాని రూపం చూసి ఆ ఊరివారు దానికి ఊరగాయ దోసకాయ అని పేరు పెట్టారు. అందులో అంతస్తు అంతస్తుకూ ఆరు ముక్కోణపు ఖాళీలు వదిలి, ఒక్కొక్క అంతస్తును కింది దానికంటే 5 డిగ్రీలు తిప్పుతూ పోయారు. దాంతో ఆ ఖాళీలు మెలికలు తిరుగుతూ పైకి పోతాయి. వాటి గుండా వెలుతురూ, గాలీ లోపలికి వస్తాయి. అయిదు డిగ్రీలన్నది కూడా పైన చెప్పిన తాడు పొడవులాంటి ఒక అంకే.

పాలిటెక్నిక్‌లో సివిల్ చదివే మన పిల్లలు చాలామంది ఆటోక్యాడ్‌లో ఇంటి ప్లాను గీయడంతో ఆగుతున్నారు. ముందుకు పోవడానికి లక్షలు అక్కరలేదు. రైనోను 90 రోజులు ఉచితంగా వాడి చూడవచ్చు. ఫ్రీక్యాడ్, బ్లెండర్ ఎప్పటికీ ఉచితమే. వెయ్యి పెట్టెల లెక్కను బ్లెండర్‌లోని జామెట్రీ నోడ్స్‌తో చేసి, 280 వచ్చిందో లేదో సరిచూసుకోవచ్చు. రాకపోతే తాడును పెట్టె నడిమికి కొలిచారా, మూలకు కొలిచారా చూసుకోవాలి.

అది కుదిరాక అసలు పరీక్ష దుగ్గిరాల యార్డులోనే దొరుకుతుంది. ఒక పసుపు కాయ తెచ్చి బల్ల మీద పెట్టి, చుట్టూ తిరుగుతూ సెల్‌ఫోన్‌తో అన్ని వైపుల నుంచీ దగ్గర దగ్గరగా ఫొటోలు తీయాలి. వాటి నుంచి ఆకారాన్ని పట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ వుంది. ఆ ఆకారాన్ని పెద్దది చేసి గళ్ళ దిమ్మ నుంచి తీసివేయడమే. మొదట కాయతో మొదలుపెట్టడం మంచిది. కొమ్ముకు పిలకలు వుంటాయి గనుక, దానితో తొలిస్తే రెండు ఖాళీల మధ్య గోడ ఎక్కడ పలచబడుతుందో పట్టుకోవడం కొత్తవారికి కష్టం.