వార్తల్లో పదం: మాక్రో

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో పదేపదే చేసే పనుల్ని ఒక్క మీటతో జరిపించే చిన్న ప్రోగ్రామే మాక్రో. వర్డ్ 97 నుంచి దీన్ని విజువల్ బేసిక్ భాషలో రాస్తున్నారు.

మాక్రో అక్షరాలు దిద్దడంతో ఆగదు, ఫైళ్లనూ తుడిచేయగలదు. అందులోని ‘కిల్’ ఆదేశం ఫైళ్లను చెరిపేస్తుంది. అలా పోయినవి రీసైకిల్ బిన్‌లోకి రావు. ‘ఆర్‌ఎండిర్’ ఖాళీ ఫోల్డర్‌నే తీసేస్తుంది. ‘డిలీట్‌ఫోల్డర్’ మాత్రం లోపలున్న వాటితో సహా ఊడ్చేస్తుంది.

ఈ శక్తి దుర్మార్గుల చేతికీ చిక్కింది. 1995లో కాన్సెప్ట్, 1999లో మెలిసా వైరస్‌లు వర్డ్ మాక్రోలుగానే వ్యాపించాయి. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి ముందుగానే అడ్డుకుంటోంది.

అయినా మెయిల్‌లో వచ్చే పత్రాలను జాగ్రత్తగా తెరవాలి. పంపినవారెవరో తేలకుండా, మాక్రోలను నడవనిచ్చే ‘ఎనేబుల్ కంటెంట్’ బటన్ నొక్కొద్దు. సొంత మాక్రోనైనా ముందు నకలు ఫోల్డర్‌పై పరీక్షించండి. చెరిపేముందు ‘అవునా, కాదా’ అని అడిగే పెట్టె పెట్టండి. ముఖ్యమైన ఫైళ్ల బ్యాకప్‌ను కంప్యూటర్‌కు దూరంగా, విడి డిస్క్‌లో ఉంచండి.