పిరిక్ విజయం

గెలిచిన పక్షానికి ఆ గెలుపే కోలుకోలేని నష్టాన్ని మిగిల్చినప్పుడు దానిని పిరిక్ విజయం అంటారు. గెలిచినవాడు ఓడినవానికన్నా ఎక్కువమందిని పోగొట్టుకోవడమే దీని అర్థమని కొందరు భావిస్తారు, కాని అది సరికాదు.

పేరు వెనుక చరిత్ర

పిరస్ గ్రీకు రాజ్యమైన ఎపిరస్‌కు రాజు. దక్షిణ ఇటలీలోని టారెంటం నగరవాసులు రోమ్‌కు వ్యతిరేకంగా సహాయం కోరగా, క్రీ.పూ. 280లో సుమారు 25 వేల సైన్యంతో, 20 ఏనుగులతో సముద్రం దాటి వచ్చాడు. రోమనులు యుద్ధంలో ఏనుగులను ఎదుర్కొనడం అదే మొదలు. ఆ ఏడాది హెరాక్లియా వద్ద, మరుసటి ఏడాది అస్కులం వద్ద పిరసే గెలిచాడు.

ప్లూటార్క్ ఉదహరించిన ఒక లెక్క ప్రకారం అస్కులం వద్ద రోమనులు 6,000 మంది, పిరస్ పక్షాన 3,505 మంది మరణించారు. అంటే ఎక్కువగా నష్టపోయినది ఓడిన రోమే. అయితే పిరస్ కోల్పోయినవారిలో అతని ఆప్తులు, సేనానులు అధికం. స్వదేశం నుండి కొత్త సైన్యం రప్పించే వీలు లేదు. రోమ్‌కు మాత్రం ఇంటిముంగిటే సైనికులు దొరికేవారు. అభినందించిన వానితో, ఇలాంటి గెలుపు ఇంకొకటి వస్తే తమ పని సరి అని పిరస్ అన్నాడట. క్రీ.పూ. 275లో బెనెవెంటం యుద్ధం తరువాత 8,000 కాల్బలంతో, 500 ఆశ్వికులతో అతడు స్వదేశం చేరాడు. క్రీ.పూ. 272లో ఆర్గోస్ వీధిపోరులో ఒక వృద్ధురాలు విసిరిన పెంకు దెబ్బకు కూలి హతుడయ్యాడు.

బొబ్బిలి యుద్ధం

తెలుగునాట ఈ మాటకు తగిన ఉదాహరణ 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం. విజయనగర ప్రభువు పూసపాటి పెదవిజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల సహాయంతో బొబ్బిలి కోటను నేలమట్టం చేశాడు. కోటలోని స్త్రీలు, పిల్లలు శత్రువులకు చిక్కరాదని వెలమ వీరులే వారిని చంపి, తాము పోరాడుతూ మరణించారు. రాజా రంగారావు కూడా నేలకొరిగాడు. గెలుపు సంపూర్ణం. కాని మూడు రాత్రులు గడిచేలోగా తాండ్ర పాపారాయుడు గుడారంలోకి చొరబడి విజయరామరాజును హతమార్చాడు.

బుస్సీకి కలిగిన నష్టం అంతగా చెప్పుకోబడదు. పాపారాయుని కథ వద్దనే జనం ఆగిపోతారు. విజయరామరాజు వారసుడైన ఆనందరాజు ఫ్రెంచివారికి ఎదురుతిరిగి ఆంగ్లేయులను ఆహ్వానించాడు. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద కర్నల్ ఫోర్డ్ చేతిలో ఫ్రెంచివారు ఓడారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కూడా చేజారి, ఉత్తర సర్కారులపై వారి అధికారం అంతరించింది. అప్పటికి బొబ్బిలి కోట కూలి రెండేళ్ళు దాటి మూడు నెలలు కూడా కాలేదు.