తరగతి గదిలో మౌనం

తరగతిలో ప్రశ్న వేసిన పిదప ఎవరూ నోరు మెదపకపోవటం ఏ ఉపాధ్యాయునికీ కొత్త అనుభవం కాదు. ఆ మౌనాన్ని ఒకరు బద్ధకమంటారు. మరొకరు అవిధేయత అంటారు. ఇంకొకరు "వీరికి చదువు అబ్బదు" అని పెదవి విరుస్తారు. ఓరుగల్లు ప్రాంతపు బడుల చరిత్ర ఎరిగినవారు మాత్రం ఈ తీర్పుకు తొందరపడరు. ఇక్కడి పిల్లలు నూరేండ్ల వ్యవధిలో రెండు పర్యాయాలు తమ ఇంటి భాష కాని భాష ఎదుట కూర్చుండవలసి వచ్చింది.

నిజాం పాలనలో ఉన్నత పాఠశాలల బోధన ఉర్దూలో సాగేది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం సైతం ఉర్దూనే బోధనభాషగా గ్రహించింది. మడికొండలో పెరిగిన కాళోజీ నారాయణరావు, హనుమకొండలో చదువుకొన్న పి.వి. నరసింహారావు, అక్కంపేటలో జన్మించిన కొత్తపల్లి జయశంకర్ ఆ కాలపు బడులలో అక్షరాలు దిద్దినవారే. వీరిలో జయశంకర్ తానే ఉపాధ్యాయుడై, తదుపరి కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయినారు. ఈ పేర్లు చూపి, పరభాషలో చదివిన వారు పైకి రాలేదా అని వాదించేవారు నేటికీ ఉన్నారు. ఆ వాదంలో ఒక లోపమున్నది. గట్టెక్కిన వారి పేర్లు చరిత్రకెక్కినవి. రెండు మూడేండ్లు వచ్చి, ఏమీ అర్థంగాక, పలకను ఇంటి మూలన పడవేసి గొడ్లవెంట పోయినవారి పేర్లు ఏ పట్టికలోనూ లేవు. బడిలో దొరకని తెలుగు పుస్తకాన్ని పదిమందికి అందించటానికే 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసింది. అయితే గ్రంథాలయం తలుపు తట్టగలిగినవాడు అప్పటికే చదవనేర్చినవాడు గదా!

రెండవ పర్యాయం కనులముందు జరుగుతున్నది. 2022–23 విద్యాసంవత్సరం నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి నుండి ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది. తల్లిదండ్రులు కోరినదీ అదే. ఆ కోరికను తప్పుపట్టటం న్యాయం కాదు. కూలి చేసుకొనే తండ్రి తన బిడ్డకు కూడా పట్నపు పిల్లల చదువే కావాలని అడగటంలో అత్యాశ ఏమున్నది? కాని ఆ కోరికను నెరవేర్చవలసిన భారం చివరకు నలువది మంది ఎదుట సుద్దముక్క పట్టుకొని నిలిచిన ఉపాధ్యాయునిపై పడింది.

ఇది ఇంగ్లీషుతో వచ్చిన చిక్కు మాత్రమే కాదు. పాఠ్యపుస్తకపు తెలుగు సైతం పల్లె పిల్లవానికి సగం పరాయిదే. ఇంట పుంటికూర తిన్న బిడ్డ పుస్తకంలో గోంగూరను చూస్తుంది. ఇంట అంగి తొడుక్కొని, తొవ్వవెంట నడిచి వచ్చినవాడు బడిలో చొక్కా, దారి అని పలకవలసి వస్తుంది. తండాల నుండి వచ్చే లంబాడా పిల్లలకు, ఏటూరునాగారం అడవి పల్లెలలోని కోయ పిల్లలకు తెలుగే రెండవ భాష. జనం మాట్లాడే పలుకుకు బడిలో గౌరవం ఉండాలని కాళోజీ జీవితమంతా పట్టుపట్టారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషాదినోత్సవంగా జరుపుకొంటున్నారు. ఆనాడు ఉపన్యాసాలు వినిపించి, మరునాడు "తొవ్వ" అన్న పిల్లవానిని చూచి తరగతి నవ్వుతుంటే ఊరకుండటం వింతగా లేదా?

కనుక ఉపాధ్యాయుడు మొదట చేయవలసిన పని చాలా చిన్నది: ప్రశ్న వేసి, ఆగటం. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదులలో జరిగే సంభాషణలను పరిశీలించి, 1970 దశకంలో ఒక విషయం ప్రకటించింది. ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన తరువాత సగటున ఒక్క క్షణం మాత్రమే ఎదురుచూచి, వేరొకరిని అడగటమో, తామే జవాబు చెప్పివేయటమో చేస్తున్నారట. మూడు క్షణాలకు తగ్గకుండా ఆగినప్పుడు జవాబులు పెద్దవైనవి. మందకొడులని పేరుపడినవారు సైతం నోరు విప్పసాగారు. ఇంటిభాషలో ఆలోచించి బడిభాషలోకి మార్చుకొనే బిడ్డకు ఆ మూడు క్షణాలు కూడా చాలవు. అయిదో పదో కావాలి. గడియారం చూచుకొంటూ ఆగవలసిన పని లేదు. మనసులో నెమ్మదిగా పది లెక్కించుకొన్నా చాలు. మొదట్లో ఆ నిశ్శబ్దం ఉపాధ్యాయునికే దుర్భరంగా తోస్తుంది.

జవాబు ఏ మాటలో వచ్చినా ముందు దానిని స్వీకరించి, నల్లబల్లపై వ్రాసి, ప్రక్కన పుస్తకపు మాటను, ఆ ప్రక్కన ఇంగ్లీషు మాటను ఉంచటం రెండవ పని. తొవ్వ, దారి, రోడ్డు: మూడూ ఒకే వరుసలో నిలిచినప్పుడు మొదటిది తప్పు, చివరిది ఒప్పు అనే భావం కలగదు. ఇప్పటి పాఠ్యపుస్తకాలలో ఒక పుటన తెలుగు, ఎదుటి పుటన ఇంగ్లీషు అచ్చువేశారు. పలుచోట్ల తెలుగు పుటను దాటవేయటం ఒక ఘనతగా భావిస్తున్నారు. అది ఈత నేర్వనివానిని చేతికందిన బెండు పారవేయమనటం వంటిది.

పిల్లవాడు జవాబు చెప్పగల ప్రశ్నలు అడగటం వీటన్నిటికన్న ముఖ్యం. ఇందుకు ఓరుగల్లు వంటి చోటు అరుదు. నేటి ములుగు జిల్లా పాలంపేటలో 1213లో నిర్మించిన రామప్ప దేవాలయం 2021లో ప్రపంచ వారసత్వ కట్టడమైనది. ఆ గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీటిపై తేలుతాయని ఇక్కడి పిల్లలలో విననివారు తక్కువ. "సాంద్రత" అనే మాటను నిర్వచనంతో మొదలుపెడితే అది కంఠపాఠంగానే మిగిలిపోతుంది. బకెట్టు నిండా నీరు తెచ్చి, ఒక బెండు, ఒక గోళీ, ఒక కొబ్బరికాయ వేయించి, రామప్ప ఇటుక ఎందుకు తేలుతుందో చెప్పమంటే వాదులాట మొదలవుతుంది. ఆ వాదులాట ముదిరిన పిమ్మటనే "సాంద్రత" మాట అవసరమవుతుంది. కొత్తవాడ మగ్గాలపై నేసే జంపఖానాల చారలలో, కోణాలలో రేఖాగణితమంతా ఉన్నది. ఆ చారలు ఎన్నింటికొకసారి మళ్ళీ వస్తాయో నేతవారి పిల్లవాడు ఉపాధ్యాయునికే నేర్పగలడు.

బహుమతుల విషయంలో కొంత జాగ్రత్త అవసరం. 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞులు బొమ్మలు గీయటమంటే ఇష్టమున్న చిన్నపిల్లలను ఎన్నుకొని, కొందరికి గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొన్నాళ్ళకు ఆ కొందరే తక్కువగా గీయసాగారు. ఇష్టంగా చేసే పనికి కూలి కట్టినట్లయినది కాబోలు. ఇష్టం లేని పని మొదలుపెట్టించటానికి చిన్న కానుక పనికిరావచ్చు; ఇష్టమున్నచోట దాని జోలికి పోకుండటమే మేలు.

దండన సంగతి ఎక్కువ చెప్పనవసరం లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ విభాగం శరీరదండననే గాక మానసిక వేధింపును కూడా నిషేధించింది. బెత్తం చాలాచోట్ల పోయింది. "మొద్దు" అనే మాట మాత్రం ఇంకా పోలేదు. చట్టం దానిని కూడా దృష్టిలో ఉంచుకొన్నదని గుర్తించినవారు తక్కువ.

ఇవన్నీ చెప్పటం సులభం. ఒకే ఉపాధ్యాయుడు అయిదు తరగతులను ఒకే గదిలో సంబాళించే బడిలో ఆచరించటం సులభం కాదు. పాఠ్యప్రణాళిక పూర్తిచేయాలి, లెక్కలు వ్రాసి పంపాలి, పరీక్షలు దిద్దాలి. అటువంటివారు అన్నీ ఒకేసారి తలకెత్తుకోకుండా వారానికి ఒక పాఠాన్ని ఎన్నుకొంటే చాలు. పత్తి రోజులలో అయిదవ తరగతికి ఎనుమాముల మార్కెట్టు తక్‌పట్టీ ఒకటి తెప్పించి చూడవచ్చు. తూకం, క్వింటాలు ధర, హమాలీ, కోతలు, చేతికి వచ్చే రొక్కం: కూడిక, తీసివేత, గుణకారం, దశాంశం అన్నీ ఆ చిన్న కాగితంలో ఉన్నవి. దానిని ఇంట చదివి వినిపించమని తండ్రి అడిగినప్పుడు తడబడిన బాలిక, తరగతిలో అదే కాగితాన్ని చూచి తానే ముందుకు వస్తుంది. హమాలీ ఎంత అని అడగకముందే, కోతలు తీసివేసి మిగిలినది ఎంతో పలకపై వేసి చూపుతుంది. లెక్క తప్పినా సరే, ఎక్కడ తప్పిందో ప్రక్కవాడు చెప్పేదాకా ఉపాధ్యాయుడు ఆగవచ్చు.