వెలిసిన రంగులకు వెలలేని పనిముట్టు

పరదేశాలలో స్థిరపడిన తెలుగువారి ఇళ్ళలో పట్టుచీరల మడతల మధ్యనో, పాత ఆల్బముల పుటలలోనో కొన్ని ఛాయాచిత్రాలు భద్రంగా ఉంటాయి. వాటిలో తాతల నాటి నలుపు తెలుపు చిత్రాలు చాలావరకు స్పష్టంగానే నిలిచి ఉంటాయి. వాటికంటె వయసులో చిన్నవైన 1970వ దశకపు రంగుల చిత్రాలు మాత్రం ఎర్రబారిపోయి ఉంటాయి. పెళ్ళిపందిరికి కట్టిన మామిడి తోరణం ఇటుక రంగుకు తిరుగుతుంది. నీలాకాశం గులాబి వన్నె పొందుతుంది. ఈ జబ్బుకు మూలం రసాయన శాస్త్రంలో ఉంది. చికిత్స గణితంలో ఉంది. ఆ చికిత్సను ఒక్క పైసా ఖర్చు లేకుండా ఇంటిలోనే చేసుకొనేందుకు వీలు కల్పించే సాధనమే ‘గింప్’ అనే సాఫ్ట్‌వేర్.

ముందుగా జబ్బు సంగతి. నలుపు తెలుపు చిత్రంలో బొమ్మను నిలిపి ఉంచేది జెలటిన్ పొరలోని వెండి రేణువులు. రంగుల చిత్రాన్ని కడిగేటప్పుడు ఆ వెండినంతటినీ తొలగిస్తారు. మిగిలేవి సయాన్, మెజెంటా, పసుపు అనే మూడు సేంద్రియ వర్ణకాలు మాత్రమే. ఆనాటి ప్రింట్లలో వాడిన సయాన్ వర్ణకం మిక్కిలి బలహీనమైనది. వెలుతురు సోకకుండా పెట్టెలో దాచినా అది మెల్లమెల్లగా విచ్ఛిన్నమై రంగును కోల్పోతుంది. ఎరుపు కాంతిని పీల్చుకోవడం సయాన్ పని. ఆ పని చేసేది తగ్గిపోవడంతో ఎరుపు కాంతి అధికంగా పరావర్తనం చెంది, బొమ్మ అంతటా ఎరుపు పరచుకొంటుంది.

అయితే వర్ణకం పలచబడిందే గాని పూర్తిగా మాయం కాలేదు. స్కానర్ ప్రతి బిందువునూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు సంఖ్యలుగా నమోదు చేస్తుంది. వెలిసిన చిత్రంలో ఎరుపుకు చెందిన సంఖ్యలన్నీ పై అంచున ఇరుకుగా గుమిగూడి ఉంటాయి. ‘లెవెల్స్’ అనే పరికరం వాటిని మళ్ళీ పూర్తి నిడివికి సాగదీస్తుంది. తోరణం తిరిగి పచ్చబడుతుంది. ఇది లేని రంగును పూయడం కాదు. మిగిలి ఉన్న సాక్ష్యాన్ని చదవడం.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. 8 బిట్ల స్కానింగులో ఒక్కొక్క రంగుకు 256 మెట్లే ఉంటాయి. గుమిగూడిన సంఖ్యలు వాటిలో 60 మెట్లను మాత్రమే ఆక్రమించాయనుకొందాం. వాటిని 256కు సాగదీస్తే నడుమ ఖాళీలు ఏర్పడి, నున్నని చెంప మీద మచ్చలు, చారలు కనబడతాయి. 16 బిట్ల స్కానింగులో మెట్ల సంఖ్య 65,536. అదే ఇరుకు భాగంలో 15 వేలకు పైగా మెట్లు ఉంటాయి గనుక ఎంత సాగదీసినా ఖాళీలు కంటికి ఆనవు. వృత్తి సాధనాలలో ఈ సౌకర్యం ఉండగా, గింప్ చాలాకాలం 8 బిట్ల వద్దనే ఆగిపోయింది. అది నిజమైన లోటే. 2018 ఏప్రిల్‌లో విడుదలైన 2.10 రూపంతో ఆ లోటు తీరింది.

ఈ రెండు సాధనాలకూ పుట్టినిల్లు విశ్వవిద్యాలయమే కావడం విశేషం. మిచిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు విద్యార్థిగా ఉన్న థామస్ నోల్ 1987లో ప్రారంభించిన ప్రోగ్రాము, సోదరుడు జాన్ తోడ్పాటుతో 1990లో ఫోటోషాప్‌గా విపణిలోకి వచ్చింది. 1995లో బర్క్‌లీ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ గింప్ రచనకు పూనుకొన్నారు. తొలినాళ్ళలో అది మోటిఫ్ అనే, వెల పెట్టి కొనవలసిన ఉపకరణ సముదాయం మీద ఆధారపడి ఉండేది. పరుల స్థలంలో సొంత ఇల్లు కట్టుకొన్న చందమన్నమాట. అందువల్ల వారు జీటీకే అనే సొంత సముదాయాన్ని నిర్మించుకొన్నారు. అదే తరువాత గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వ్యవస్థకంతటికీ పునాది అయింది.

వెల లేకపోవడం కన్న ముఖ్యమైన గుణం మరొకటి ఉంది. గింప్ సోర్స్ కోడ్ బహిరంగం. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, ఇతరులకు పంచిపెట్టవచ్చు. ప్రయోగ పద్ధతిని దాచిపెట్టిన ఫలితాన్ని విజ్ఞాన లోకం నమ్మదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో వేన్ రాస్‌బాండ్ 1987లో మొదలుపెట్టిన ‘ఎన్.ఐ.హెచ్. ఇమేజ్’, 1997లో దాని వారసునిగా వచ్చిన ‘ఇమేజ్‌జే’ ఉచిత సాఫ్ట్‌వేర్లే. సూక్ష్మదర్శిని చిత్రాలను కొలవడానికి ప్రపంచమంతటా ప్రయోగశాలలు ఇమేజ్‌జేను వాడుతున్నాయి. అక్కడ ఉచిత సాధనమే వృత్తి సాధనం.

కుటుంబ చిత్రాలకూ ఈ న్యాయం వర్తిస్తుంది. 2013 మేలో అడోబి సంస్థ తన ముఖ్య సాఫ్ట్‌వేర్ల కొత్త రూపాలను ఇకపై చందా పద్ధతిలోనే ఇస్తామని ప్రకటించింది. పొరలుగా భద్రపరచిన పనిని ముప్పై ఏళ్ళ తరువాత మనుమరాలు తెరిచి చూడాలంటే, ఆనాటికి చందా కట్టి ఉండాలన్న షరతు లేకపోవడం మేలు కదా!

అట్లని అన్ని పనులకూ గింప్ సరిపోతుందనడం అతిశయోక్తి. ముద్రణాలయాలు నాలుగు సిరాల పద్ధతిలో అచ్చువేస్తాయి. 2025 మార్చిలో వచ్చిన గింప్ 3.0 ఆ ఫలితాన్ని తెరపై ముందుగా చూపగలదు. కొన్ని రకాల ఫైళ్ళను నాలుగు రంగులలో భద్రపరచగలదు. కాని దానిలో దిద్దుబాటు జరిగేది ప్రధానంగా మూడు రంగుల పద్ధతిలోనే. నిత్యం ముద్రణకు చిత్రాలు సిద్ధం చేసేవారికి ఫోటోషాప్ ఇంకా అనుకూలమే. చేయి తిరిగినవారికి పరికరం మారిస్తే కొంతకాలం కష్టం తప్పదు. ఇంటి ఆల్బముకు మాత్రం గింప్ నిండుగా చాలు.

చిత్రం కింద తెలుగులో పేర్లు వ్రాసుకొనే వీలు కూడా ఉంది. యూనికోడ్ అక్షరాలను, ఒత్తులను, గుణింతాలను గింప్ సరిగానే కూర్చుతుంది. సిలికానాంధ్ర సంస్థ అందించిన మండలి, సూరన్న, రామభద్ర వంటి ఖతులు ఉచితంగా లభిస్తాయి.

పని మొదలుపెట్టేవారికి నాలుగు సూచనలు. చిత్రాన్ని రంగుకు 16 బిట్ల చొప్పున స్కాన్ చేసి టిఫ్ ఫైలుగా భద్రపరచండి. ఆ మూల ప్రతిని ముట్టుకోకుండా నకలు మీదనే దిద్దండి. గీతలు, మరకలు చెరపడానికి ‘క్లోన్’ పరికరాన్ని గోడల మీద, ఆకాశం మీద ధారాళంగా వాడవచ్చు గాని ముఖాల జోలికి పోకండి. అమ్మమ్మ ముఖాన మన ఊహను అతికించరాదు. చివరగా, చిత్రంలో ఉన్నవారెవరో చెప్పగల పెద్దలు ఉండగానే పేర్లు అడిగి వ్రాసుకోండి. సాఫ్ట్‌వేర్ ఏటికేడు మెరుగవుతూనే ఉంటుంది. పెట్టెలోని సయాన్ మాత్రం ఏటికేడు తరుగుతూనే ఉంటుంది. సంఖ్యలు పూర్తిగా చెరిగిపోయిన తరువాత ఎంత ఖరీదైన పనిముట్టు అయినా చదవగలిగింది ఏమీ మిగలదు.