ఇంటిదగ్గర చదువుకొనుమన్న పాఠము

పదవతరగతి జీవశాస్త్రమున ప్రత్యుత్పత్తి పాఠము చెప్పవలసిన దినమున, గోదావరి ప్రాంతమునందలి యొక ఉన్నతపాఠశాలలో, ఉపాధ్యాయుడు పుటలు గబగబ త్రిప్పి “ఇది ఇంటిదగ్గర చదువుకోండి” అనుటయు, వెనుకబల్లలలో మగపిల్లలు కిసుక్కున నవ్వుటయు, ఆడపిల్లలు తలలు వంచుకొనుటయు నేను చూచితిని. ఆ వంచిన తలలలో ఒకటి, పుట్టుకతోనే హెచ్‌ఐవీ సోకి, అమ్మమ్మ వెంట ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రమునకు పోయి మందులు తెచ్చుకొను బాలికది.

ఇట్టి పాఠములు పిల్లలను చెడగొట్టుననుట మొదటి అపోహ. ఈ భయముచేతనే 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ మున్నగు రాష్ట్రములు కౌమారవిద్యా కార్యక్రమమును అడ్డగించినవి. కాని నానాదేశముల అధ్యయనములను పరిశీలించి యునెస్కో 2018లో వెలువరించిన మార్గదర్శక గ్రంథము, లైంగికవిద్యవలన పిల్లలలో లైంగికచర్య పెరుగదనియు, జాగ్రత్తయే పెరుగుననియు తేల్చినది.

ఇంతకన్న క్రూరమైన అపోహ మరియొకటి కలదు: గడప దాటని ఇల్లాలికి హెచ్‌ఐవీ రాదనియు, వచ్చెనా, ఆమె నడవడియే కారణమనియు. మన దేశమున హెచ్‌ఐవీ సోకిన స్త్రీలలో అనేకులకు అది భర్తవలననే సంక్రమించినది. గర్భవతులకు ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయుదురు గనుక, ఏనాడును పరీక్షకు పోని మగనికన్న ముందు భార్య సంగతియే బయటపడును. ముందు తెలిసినదానినే ముందు సోకినదిగా నెంచి, అత్తవారు “కోడలే తెచ్చింది” అని, ఆమె కంచమును, గ్లాసును దొడ్డివైపు వేరుగా పెట్టుదురు. కండోము మాట ఎత్తిన భార్యనే అనుమానించు ఇంట, ఆమెకు తెలిసియుండుట మాత్రమే చాలునా? కాదనుటకు ఆమెకు హక్కు కలదని మగపిల్లవాడు బడిలోనే నేర్వవలెను. ఈ పాఠము ఆడపిల్లలకన్న మగపిల్లలకే ఎక్కువ అవసరమని నా నమ్మకము.

కంచము, గ్లాసు, దోమకాటు, ఒకే బల్లపై కూర్చుండుట, వీనివలన హెచ్‌ఐవీ సోకదు. అది సోకినదను కారణమున పిల్లలను బడిలో చేర్చుకొనకుండుట, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న 2017 నాటి చట్టముచే నిషిద్ధము.

“దానికింక పెళ్లేమిటి బాబూ” అని ఆ అమ్మమ్మ కంటతడి పెట్టినప్పుడు, మందులు విడువక వాడి, రక్తములో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అట్లే నిలిచినచో, సంభోగమువలన భర్తకు సోకదనియు, చికిత్స లేనియెడల నూటికి 15 నుండి 45 వరకు బిడ్డలకు తల్లినుండి సోకు ఈ వ్యాధి, చికిత్సవలన నూటికి అయిదుకన్న తక్కువకు దిగుననియు చెప్పితిని. ఆమె చాలసేపు ఊరకుండి, “మరి బడిలో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదేం?” అని యడిగినది.