వార్తల్లో పదం: చివరి ర్యాంకు

ఇంజినీరింగ్ ప్రవేశాలకు ఏపీ ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైతే పత్రికల్లో తరచూ కనిపించే మాట ‘చివరి ర్యాంకు’. ఒక కాలేజీలో, ఒక బ్రాంచిలో, ఒక కేటగిరీలో ఆఖరి సీటు దక్కించుకున్న విద్యార్థి ర్యాంకు ఇది. కటాఫ్ అనీ అంటారు. దీన్ని ఎవరూ ముందుగా నిర్ణయించరు. పై ర్యాంకుల వాళ్లు పెట్టుకున్న వెబ్ ఆప్షన్ల (కోరుకున్న కాలేజీ, బ్రాంచిల వరుస) ప్రకారం సీట్లు నిండుతూ పోతే చివరికి తేలే అంకె. కేటగిరీని బట్టి, అమ్మాయిల కోటాను బట్టి, లోకల్ ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు మదనపల్లె, పుంగనూరు, కుప్పం విద్యార్థులు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం లోకల్ పరిధిలోకి వస్తారు. 85 శాతం సీట్లు స్థానికులవే కాబట్టి విశాఖ కాలేజీల్లో అక్కడి విద్యార్థి చూసుకునే అంకె వీళ్లకు సరిపోదు.

నిరుటి అంకె చూసి సీటు ఖాయమనో, రాదనో తేల్చేయడం మాత్రం పొరపాటు. సీట్లు పెరిగినా, కంప్యూటర్ సైన్స్‌కు గిరాకీ మారినా ఆ అంకె మారిపోతుంది. ర్యాంకు కట్టే లెక్క కూడా మారుతుంది: సాధారణంగా ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది, కొవిడ్ వల్ల 2021లో దాన్ని తీసేశారు. ఆ ఏటి ర్యాంకును మామూలు ఏటితో పోల్చలేం. మరి వేరే ఆధారమేముంది అంటారా? నిజమే, ఇంతకన్నా మంచి కొలత లేదు. అందుకే ఒక్క ఏడాదిది కాక మూడు నాలుగేళ్లవి, అదీ తమ కేటగిరీవి, ఏ విడత కౌన్సెలింగ్‌వో గమనించి చూడాలి. అందని కాలేజీని ముందు పెడితే కింది సీటు పోతుందన్న భయమూ అక్కర్లేదు. పై ఆప్షన్ దక్కకపోతే అదే ర్యాంకుతో తర్వాతి ఆప్షన్‌ను పరిశీలిస్తారు.