సీరియల్‌లోనా.. నిజంగానా?

వనపర్తిలో మా గల్లీకి వచ్చి సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఇల్లెక్కడ అని అడిగితే నలుగురు నాలుగు ఇళ్లు చూపిస్తారు. సీరియళ్లు రాసే పిల్లగాని ఇల్లు అని అడగండి, నేరుగా మా గుమ్మం ముందుకు తెచ్చి దింపుతారు. బీటెక్ చదివి, హైదరాబాద్‌లో జావా కోడ్ రాసుకునే నాకు ఈ పేరు రావడానికి కారణం లాక్‌డౌన్.

2020 మార్చిలో ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుని ఇంటికొచ్చేశా. అప్పుడే సీరియల్ షూటింగులూ ఆగిపోయాయి. చానళ్లు పాత ఎపిసోడ్లనే తిప్పి తిప్పి వేస్తున్నాయి. ‘కార్తీకదీపం’ మళ్లీ ఎప్పుడొస్తదిరా అని అమ్మ రోజూ అడిగేది. నెట్‌లో వెతికితే సరైన సమాధానం ఒక్కటి లేదు, అన్నీ అరిచే థంబ్‌నెయిల్సే. జూన్‌లో ప్రభుత్వం షూటింగులకు అనుమతి ఇచ్చాక, ఏ సీరియల్ పరిస్థితి ఏంటో ఒక పేజీ రాసి ఓ వెబ్‌సైట్‌కు పంపా. వేసుకున్నారు. రెండ్రోజులకు ఫోన్ వచ్చింది, రోజూ రాస్తావా అని. ఇచ్చేది ఒక్కో కథనానికి రెండు బిర్యానీల ఖరీదు. సరే అన్నా.

ఈ పని ఎలా ఉంటుందో చెప్తా. టీవీలో రాత్రి వచ్చే ఎపిసోడ్, యాప్‌కు డబ్బు కట్టినవాళ్లకు పొద్దున్నే వచ్చేస్తుంది. కాబట్టి నా అలారం ఐదూ ముప్పావుకు. ఒకటిన్నర రెట్ల స్పీడ్‌లో చూస్తా. ఒకే చెంపదెబ్బను ముగ్గురి ముఖాల మీద ఆరుసార్లు చూపిస్తారు కాబట్టి ఆ స్పీడ్‌లోనూ ఏమీ మిస్ కాదు. ఏడింటికల్లా కథ రాసి పంపాలి. పదింటికి ఆఫీస్ మీటింగ్. అందులో మేనేజర్ ఏదో అడిగితే, నా మెదడులో మాత్రం ఆ అత్తగారు విషం కలిపిన పాలగ్లాసే ఉంటుంది.

గురువారం వచ్చిందంటే రేటింగుల పండగ. బార్క్ అనే సంస్థ దేశం మొత్తం మీద 50 వేలకు పైగా ఇళ్లలో టీవీలకు మీటర్లు పెట్టింది. చానళ్లు తమ ప్రసారంలో మన చెవికి వినిపించని ఒక ధ్వని గుర్తు కలిపి పంపుతాయి, మీటర్ దాన్ని పట్టుకుంటుంది. ఇంట్లో ఎవరు చూస్తున్నారో తెలియడానికి రిమోట్‌లో ఒక్కొక్కరికి ఒక్కో బటన్. 2015లో బార్క్ వచ్చాకే ఊళ్లను కూడా గట్టిగా లెక్కలోకి తీసుకోవడం మొదలైంది. అంతకుముందు టీవీ రేటింగ్ అంటే పట్నాల మాటే. మా వైపు ఇళ్లలో రాత్రి ఏడున్నరకు ఏం జరుగుతోందో ముంబైలో యాడ్లు అమ్మేవాళ్లకు పట్టింది ఆ తర్వాతే.

మా తెలుగు సార్‌కు మాత్రం ఇదంతా నచ్చదు. 1926లో ‘గోలకొండ పత్రిక’ పెట్టిన సురవరం ప్రతాపరెడ్డిది మా గద్వాల వైపే. 1952లో ఆయన వనపర్తి నుంచే ఎమ్మెల్యేగా గెలిచారు. ‘‘ఆయన తిరిగిన నేల మీద పుట్టి వంటలక్క గురించి రాస్తావారా?’’ అంటాడు సార్. సార్ భార్య నా రెగ్యులర్ రీడర్. ఆ సంగతి నేను ఆయనకు చెప్పలేదు.

చదివేది ఎవరు?

సీరియల్ చూడొచ్చుగా, చదవడం ఎందుకు అని ఫ్రెండ్స్ నవ్వుతారు. గద్వాల చుట్టుపక్కల సీడ్ పత్తి సీజన్‌లో వెళ్లి చూడండి. సాయంత్రం పూట మొగ్గలు విప్పి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున వాటికి పుప్పొడి అద్దాలి. చేసేదంతా ఆడవాళ్లే. ఇంటికొచ్చి పొయ్యి ముట్టించేసరికి సీరియల్ సగం అయిపోతుంది. మిగిలింది మర్నాడు చేను గట్టు మీద, ఫోన్‌లో. చదవడం రానివాళ్లకు పక్కన కూర్చున్న పిల్ల చదివి పెడుతుంది. నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ దాటి నల్లమలలోకి పోతే వీడియో గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, అక్షరాలైతే లోడ్ అవుతాయి. హైదరాబాద్‌కు మేస్త్రీ పనికి వెళ్లిన కుటుంబాల సంగతి చెప్పక్కర్లేదు. టీవీ ఊళ్లోనే ఉండిపోతుంది, ఫోన్ వెంట వస్తుంది. వీళ్లు రాసింది రాసినట్టే నమ్ముతారు.

ఇంకో సంగతి. మీరు రోజూ చూసే తెలుగు హీరోయిన్లలో చాలామందికి తెలుగు ఇంటి భాష కాదు. వంటలక్కగా చేసిన ప్రేమి విశ్వనాథ్ మలయాళీ. ‘గుప్పెడంత మనసు’ రిషి, వసుధారలు ముకేశ్ గౌడ, రక్షా గౌడ కన్నడవాళ్లు. హైదరాబాద్ రిపోర్టర్లు వీళ్లను ఇంటర్వ్యూ చేయాలంటే సగం ఇంగ్లిష్, సగం సైగలు. నాకు ఆ బాధ లేదు. అమ్మ వాళ్లది గద్వాల దగ్గర ధరూర్ మండలం. పక్కనే రాయచూరు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో కన్నడ దానంతటదే నోటికొచ్చింది. ఫోన్‌లో ‘‘ఊట ఆయ్తా?’’ అనగానే అవతలి గొంతు మారిపోతుంది. నెలలో సగం రోజులు హైదరాబాద్ షెడ్యూల్, మిగతాది బెంగళూరు అని ఒక నటి చెప్పింది. రాత్రి ప్యాకప్ చెప్పగానే కారెక్కితే తెల్లారేసరికి ఇల్లు. ఆ దారి 44వ నంబర్ జాతీయ రహదారి. మా కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి మీదుగానే పోతుంది. మేం సీరియల్ చూస్తుంటే, సీరియల్ మా ఊరి పక్క నుంచి పోతుంటుందన్నమాట.

చంపడం తేలిక

2022 మార్చిలో ‘కార్తీకదీపం’ కథను ముందుకు దూకించారు. డాక్టర్ బాబు, వంటలక్క ప్రమాదంలో పోయినట్టు చూపించి, పిల్లల్ని పెద్దవాళ్లను చేశారు. (జనం ఊరుకోలేదు, కొన్ని నెలలకు ఇద్దర్నీ వెనక్కి తెచ్చారు. అది వేరే కథ.) ఆ రోజు నేను పంపిన కథనానికి ‘కథలో డాక్టర్ బాబు మృతి’ అని పెట్టా. డెస్క్ నుంచి ఫోన్. ‘‘కథలో అన్న ముక్క తీసేయ్. అది చూస్తే ఎవడు నొక్కుతాడు?’’ తీయనన్నా. వాళ్లే తీసి వేసుకున్నారు. మధ్యాహ్నానికి ధరూర్ నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. ‘‘డాక్టర్ బాబు పొయిండంట గద నాయినా, పెండ్లాం పిల్లలు ఉన్నరా పాపం?’’ ఆమె అడిగింది పాత్ర గురించి కాదు, ఆ నటుడి గురించి. నటుడు నిక్షేపంగా ఉన్నాడని ఆమెను నమ్మించడానికి నాకు పావుగంట పట్టింది. డెస్క్‌కు ఫోన్ చేసి, ఆ హెడ్డింగ్ మార్చేదాకా రాయనన్నా. మార్చలేదు. ఆ నెల తర్వాత అక్కడి నుంచి పని రాలేదు. ఇప్పుడు ఇంకో చోట రాస్తున్నా.

ఈ హెడ్డింగుల వల్ల నష్టమేంటో 2024 మే 12న తెలిసింది.

ఆదివారం. మర్నాడు లోక్‌సభ ఎన్నికల పోలింగ్, ఓటు కోసం వనపర్తి వచ్చి ఉన్నా. జీ తెలుగులో ‘త్రినయని’ అని 2020లో మొదలైన సీరియల్ ఉండేది. అందులో అత్త తిలోత్తమ పరమ విలన్. ఆ పాత్ర చేసిన పవిత్ర జయరాం కర్ణాటకలోని మండ్యకు చెందినావిడ. సొంతూరి నుంచి హైదరాబాద్‌కు కారులో వస్తుండగా మహబూబ్‌నగర్ జిల్లా భూత్పూర్ దగ్గర ప్రమాదం జరిగి చనిపోయారు. వనపర్తి నుంచి హైదరాబాద్ వెళ్లేటప్పుడు నేను ప్రతిసారీ దాటే చోటు అది. కొన్ని ఇంగ్లిష్ సైట్లు మహబూబ్‌నగర్‌ను ఆంధ్రప్రదేశ్‌లో కలిపేసి రాశాయి. ఒకదాన్ని చూసి ఇంకొకటి.

నా ఫోన్‌కు మెసేజ్‌లు మొదలయ్యాయి. బాధపడుతూ ఒక్కరూ పంపలేదు. అందరిదీ ఒకటే మాట: ‘‘మళ్లీ మొదలుపెట్టిండ్రా?’’ ఎవరూ నమ్మట్లేదు. అన్నేళ్లుగా డాక్టర్ బాబును చంపి, రిషిని చంపి, బతికున్న హాస్యనటుల ఫొటోలకు కూడా దండలేసి క్లిక్కులు ఏరుకుంటే, నిజంగా ఒక మనిషి పోయినరోజు ఆ వార్తకు విలువ లేకుండా పోయింది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏ సీరియల్, ఎవరు ధ్రువీకరించారు. ఐదు వాక్యాలు రాశా. మొదటి వాక్యంలోనే పెట్టా, ఇది సీరియల్ కథ కాదు అని. ఐదేళ్లలో నేను రాసినవాటిలో అంత చిన్నది ఇంకోటి లేదు.

సాయంత్రం పెద్దమ్మే ఫోన్ చేసింది. నిజమేనని చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘దినాం తిట్టుకుంటుంటి గదరా ఆమెను. నీ నోట్ల మన్ను వడ అని నిన్న రాత్రి గూడ అంటి’’ అంది. అది నటన పెద్దమ్మా, అంత బాగా చేసింది కాబట్టే తిట్టావు అన్నా. ఆమెకు ఆ మాట ఎక్కినట్టు లేదు. మర్నాడు ఓటేసి వస్తూ గుళ్లో దీపం పెట్టిందట.

అదే కారులో ఉండి ప్రాణాలతో బయటపడ్డ నటుడు చంద్రకాంత్ కూడా ఐదు రోజులకే చనిపోయారు. ఆ వారం యూట్యూబ్‌లో ఆ ఇద్దరి జీవితాలనూ ఎపిసోడ్లుగా కోసి అమ్మారు. నేను చావు వార్త తప్ప ఇంకేం రాయలేదు. వ్యూస్ తగ్గాయని మా ఎడిటర్ అన్నాడు గానీ ఈసారి పని పోలేదు.

ఇప్పుడు నా ప్రతి కథనంలో పాత్ర పేరు పక్కన నటి పేరు, ‘కథలో’ అన్న ముక్క తప్పనిసరి. హెడ్డింగ్ పొడవైపోతోంది, ఫోన్ స్క్రీన్‌లో పట్టట్లేదు అని డెస్క్‌లో సణుగుతారు. సణగనీ.

మొన్న మల్దకల్ వైపు నుంచి ఎవరో అవ్వ వాయిస్ మెసేజ్ పెట్టింది. నా నంబర్ పెద్దమ్మ ఇచ్చి ఉంటుంది. వెనక పత్తి చేలో ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. ఏదో సీరియల్లో చిన్నకోడలు బావిలో పడిందట. ‘‘నాయినా, అది సీరియల్‌లనా, నిజంగనా?’’

‘‘సీరియల్‌లోనే అవ్వా. పిల్ల మంచిగుంది’’ అని పంపా.

రెండు నిమిషాలకు జవాబు వచ్చింది. ‘‘అట్లనైతే సరే, సావనీ. శానా ఎగిరిందది.’’